నలభై ఆరు రోజుల ఎరుపు

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు ఎవరైనా సరే, హైమవతి మొదట నేర్పేది మొక్కను విదిలించడం. గాలిమొక్కను అరగంట నీళ్ళలో ముంచి తీశాక తలకిందులుగా పట్టుకుని మూడుసార్లు గట్టిగా విదిలించాలి. ఆకుల మొదట్లో నీటి చుక్క నిలిచిందంటే లోపల కుళ్ళు పడుతుంది. పైకి పది రోజులు పచ్చగానే కనిపిస్తుంది. పదకొండో రోజు పట్టుకుంటే ఆకులన్నీ ఊడి చేతిలోకి వస్తాయి.

"ఇవి ఎండి చచ్చేది తక్కువ. మనం పోసిన నీళ్ళకు చచ్చేదే ఎక్కువ. గుర్తుపెట్టుకోండి" అనేది.

మదనపల్లె నుంచి హార్సిలీ కొండకు పోయే దారిలో ఉంది వాయుపర్ణ అనే ఆ పరిశోధనశాల. దాని వెనకాల పొడవాటి అద్దాల షెడ్డు. పద్దెనిమిదేళ్ళుగా ఆ షెడ్డు తాళాలు హైమవతి నడుముకే ఉన్నాయి. ఆమె పెద్ద చదువులు చదవలేదు. బీయస్సీ బోటనీ, అంతే. కానీ డాక్టరేట్లు ఉన్నవాళ్ళు కూడా మొక్క దిగాలుగా ఉంటే ముందు ఆమెనే పిలిచేవాళ్ళు.

గాలిమొక్కకు మన్ను అక్కర్లేదు. దాని వేర్లు కొమ్మను పట్టుకోడానికే గానీ తాగడానికి కాదు. తాగడమంతా ఆకులతోనే. ఆకుల మీద సన్నటి తెల్లని పొలుసులుంటాయి. గాలిలో ఏ తేమ ఉన్నా, ఏ వాసన ఉన్నా వాటితోనే లోపలికి తీసుకుంటుంది. అక్కడి శాస్త్రవేత్త డాక్టర్ ఫర్హానా పట్టుకున్నది ఆ గుణాన్నే. ఊపిరితిత్తుల్లో గడ్డ మొదలైన మనిషి శ్వాసలో కొన్ని వాసనలు చేరతాయి. మన ముక్కుకు అందేవి కావు. వాటిని పసిగట్టి ఎర్రబడే మొక్కను తయారుచేయాలని ఆమె తొమ్మిదేళ్ళుగా కష్టపడుతోంది.

"ఎర్రబడడం దానికి ముందే వచ్చు హైమక్కా" అని ఒకసారి వివరించింది. "పూత పూసే ముందు తనంతట తనే ఎర్రబడుతుందిగా. ఆ పనికి ఇంకో కారణం నేర్పుతున్నాం, అంతే. పూయడం మాన్పించేస్తే ఇక ఎర్రబడడానికి ఒకే ఒక్క కారణం మిగులుతుంది."

అయిదో విడత మొక్కల్లో పూయడం సరిగ్గా ఆగలేదు. కొన్ని ఎర్రబడి, ఊదా రంగు పూలు పూశాయి. ఎర్రబడితే జబ్బుకో పూతకో తెలియకపోతే అలాంటి మొక్క ఎందుకు? రెండు వందల మొక్కల్నీ ఆవిరి పెట్టెలో వేసి చంపేయమన్నారు. ఆ పని హైమవతిదే. నూట తొంభై ఎనిమిదింటిని వేసింది. రెండింటిని వెయ్యడానికి మాత్రం చేతులు రాలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసుకుంది. తప్పని తెలుసు. పూసే మొక్కలే కదా, ఇంట్లో పూసుకుంటాయిలే అనుకుంది.

*

ఇంట్లో ఉండేది ఇద్దరే. హైమవతి, ఆమె అక్క సుగుణ.

హైమవతి పుట్టిన మూడో ఏట తల్లి పోయింది. అప్పటికి సుగుణకు పదహారేళ్ళు. చెల్లెలికి స్నానం చేయించడం, జడ వెయ్యడం, పలక మీద అ ఆలు దిద్దించడం అన్నీ ఆమే. పెళ్ళయిన నాలుగేళ్ళకే మొగుడు పోయి తిరిగొచ్చాక కుట్టుమిషను కొనుక్కుని కిటికీ పక్కన వేసుకుంది. ఆ మిషను మీదే చెల్లెల్ని కాలేజీకి పంపింది. హైమవతి పెళ్ళి చేసుకోలేదు. అడిగితే "మా అక్క నన్నెవరికీ ఇయ్యలేదు" అని నవ్వేది.

కిటికీ బయట అరుగు మీద సుగుణ మొక్కలుండేవి. చెవులు విరిగిన టీ కప్పుల్లో, అడుగు కాలిన గిన్నెల్లో, అన్నీ దళసరి ఆకుల సక్యులెంట్లే. ఆకు ముడత పడితే తప్ప నీళ్ళు పొయ్యదు. రాలిన ఆకును పారెయ్యకుండా ఇసక మీద పెడితే నెలకు దాని మొదట్లో గోరంత పిల్ల లేస్తుంది. దాన్ని ఇంకో కప్పులోకి మారుస్తుంది. జాకెట్లు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళ చేతిలో ఒక కప్పు పెట్టి పంపడం ఆమెకు అలవాటు.

"ఇదేందే, మన్ను లేకుండా?" అంది గాలిమొక్కను చూసి.

"గాలి తాగి బతుకుతుందిలే అక్కా."

"మనకు అట్లాంటి వరమిస్తే ఎంత బాగుండు! ఇంత వంట తప్పేది."

దారం కట్టి మిషను పైన కిటికీ ఊచకు వేలాడదీశారు. రెండోదాన్ని వెనక వసారాలో పెట్టారు. ఒకరోజు సుగుణ మొక్కను రాగి చెంబులో ముంచబోతే హైమవతి పరుగెత్తుకొచ్చి లాక్కుంది. రాగి అంటే ఈ మొక్కలకు విషం. "అబ్బో, దీనికి మడీ ఆచారం కూడానా" అని సుగుణ ఆ రోజంతా నవ్వింది. ఆ తర్వాత వానకు పట్టిన నీళ్ళను సీసాలో దాచి ఆదివారం ఆదివారం తనే ముంచి, విదిలించి, ఎండకు ఎదురుగా కాకుండా గాలికి ఆరబెట్టేది.

మార్చి తొమ్మిదిన ఆ మొక్క ఎర్రబడింది.

మొదట మధ్య ఆకుల కొసలు, సాయంత్రానికి సగం మొక్క. మిషను తొక్కుతున్న సుగుణే ముందు చూసింది. "హైమా, ఇట్ల రా! నీ మొక్క సిగ్గుపడతాంది."

"పూస్తుందిలే అక్కా. వారం పది రోజుల్లో మొగ్గ లేస్తుంది."

ఆ మాట హైమవతి నమ్మే అంది. అయిదో విడత పూసే విడత అన్నారు కదా. సుగుణ రోజూ లేవగానే మొక్క నడుమ వేలు పెట్టి చూసేది. ఇంటికొచ్చినవాళ్ళకు చూపించేది. మధ్యమధ్యన దగ్గు వచ్చేది. గుడ్డల పొట్టు గొంతులో పడిందనేది.

పద్దెనిమిది రోజులైనా మొగ్గ లేవలేదు.

*

మార్చి ఇరవై ఏడున ఫర్హానా అద్దాల షెడ్డులోకి పాత కాగితాల కట్టతో వచ్చింది. కొంచెం చిరాగ్గా ఉంది.

"అయిదో విడతను తొందరపడి పారేశాం అక్కా. మళ్ళీ చూస్తే రెండు వందల్లో పూసినవి పన్నెండే. ఆ పన్నెండూ ఒకే బల్ల మీదివి. మిగతా అన్నీ బాగానే ఉన్నాయి. బంగారంలాంటి మొక్కల్ని ఆవిరి పట్టాం."

హైమవతి చేతిలోని నీళ్ళ డబ్బా కింద పెట్టేసింది. ఆ రెండు మొక్కలూ ఆమె ఏ బల్ల మీంచి తీసిందో గుర్తుంది. పూసిన బల్ల కాదది. తలుపు పక్కది.

ఆ క్షణమే ఫర్హానాకు చెప్పి ఉండొచ్చు. ఆ సాయంత్రమే అక్కను ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయి ఉండొచ్చు. తర్వాత ఎన్నోసార్లు ఆ సాయంత్రాన్ని తిరగేసుకుంది. అప్పుడు మాత్రం ఆమె బుర్రలో ఒక్కటే మాట. పరీక్షించి చూడాలి. ఒక మొక్క ఎర్రబడితే సరిపోదు, నలుగురిలో అనేముందు రెండోసారి చూడాలి. పద్దెనిమిదేళ్ళుగా ఆ పరిశోధనశాలలో విన్న మాటలే అవన్నీ.

ఎర్రబడినదాన్ని ఇంటినుంచి తీసుకెళ్ళి షెడ్డు మూలన, మనుషులు రాని చోట దాచింది. వసారాలోని పచ్చటి మొక్కను తెచ్చి మిషను పైన కట్టింది.

"అదేమైంది?" అంది సుగుణ.

"దానికి కాస్త ఎండ ఎక్కువ కావాలక్కా. పూశాక తెస్తా."

తొమ్మిదో రోజుకు షెడ్డులోని మొక్క పచ్చగా మారిపోయింది. పూతకు ఎర్రబడింది అలా మారదు. పూసి, వాడి, పక్కన పిల్లలు పెట్టేదాకా ఎర్రగానే ఉంటుంది. హైమవతికి ఆ రోజే తెలిసిపోయింది. అయినా ఇంట్లో రెండోది ఇంకా పచ్చగానే ఉంది కదా అని దాన్ని పట్టుకుని వేలాడింది. ఇంటికి రాగానే చెప్పులు విడవకముందే కిటికీ వైపు చూసేది. పచ్చగా ఉంటే ఆ పూట అన్నం సయించేది.

ఏప్రిల్ పదహారున రెండోదీ ఎర్రబడింది. ఇంకో ఎనిమిది రోజులు ధైర్యం కూడగట్టుకోవడానికే సరిపోయాయి. ఇరవై నాలుగున వేలూరులో స్కాను తీయించారు.

డాక్టరు కుర్రవాడే, నెమ్మదైన మనిషి. కుడి ఊపిరితిత్తిలో గడ్డ ఉందనీ, అక్కడి నుంచి ఛాతీ నడుమ ఉన్న లింఫు గ్రంథులకు పాకిందనీ, కోసి తీసే దశ దాటిందనీ, మందులతో నిలబెట్టి చూద్దామనీ చెప్పాడు. సుగుణ బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు హైమవతి అడిగింది.

"నెలన్నర ముందొచ్చుంటే?"

అతను ఆమె ముఖంలోకి చూశాడు. "చెప్పలేమమ్మా. తియ్యగలిగేవాళ్ళమేమో. కాకపోవచ్చు కూడా. నిజంగా చెప్పలేం."

'తియ్యగలిగేవాళ్ళమేమో' అన్న ఆ ఒక్క మాటా ఆమెతోనే ఇంటికొచ్చింది.

*

బస్సులో సుగుణే మొదలుపెట్టింది. "నాకేం తెలీదనుకోకు. దగ్గుకు ఎవురైనా వేలూరు తీసకపోతారా? ఏం చూసి తెచ్చినావు నన్ను?"

హైమవతి మొక్కల సంగతి చెప్పింది. ఫర్హానా చేసే పని, ఎర్రబడడం, అన్నీ. కానీ ఒక్కచోట అబద్ధమాడింది. "మొదటిది ఉత్తినే, పూతకు ఎర్రబడింది. తర్వాత వాడిపోయింది. రెండోది మాత్రం నిన్ను చూసి ఎర్రబడింది. పోయిన వారమే. వెంటనే తెచ్చేశా."

"మంచిపని చేసినావు" అంది సుగుణ. చెల్లెలి చేతి మీద చెయ్యి వేసింది. హైమవతి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఫర్హానా గదికి వెళ్ళి దొంగతనం ఒప్పుకుంది. మొదటి మొక్క గురించి మాత్రం అక్కకు చెప్పిన అబద్ధమే చెప్పింది. ఫర్హానా ముందు మండిపడింది. చట్టం, అనుమతులు, బయట పడితే మొత్తం పని మూతపడేది. ఒక్కో మాటకూ గొంతు పెరిగింది. హైమవతి తలొంచుకు నిలబడింది. ఉన్నట్టుండి ఫర్హానా ఆగి, "మొక్కకూ అక్కకూ మధ్య దూరం ఎంత?" అని అడిగింది. అడిగిన వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "క్షమించండి హైమక్కా. క్షమించండి. నేనేం మనిషిని!"

"మూడడుగులు మేడమ్" అంది హైమవతి. "కిటికీ తెరిచే ఉంటుంది."

హైమవతి దగ్గర తాళాలు తీసేసుకున్నారు. ఉద్యోగం మాత్రం ఫర్హానా కొట్లాడి నిలబెట్టింది. నిలబడడానికి ఇంకో కారణం సుగుణ. జబ్బు ఉందని ముందే తెలిసి, మందులు వాడుతూ, వారం వారం వచ్చి మొక్కల మధ్య కూర్చునే మనిషి పరిశోధనశాలకు అవసరమైంది. ఆ సంగతి ఫర్హానా నోటి నుంచి రావడానికి రెండు రోజులు పట్టింది. హైమవతి వద్దంది. సుగుణ సరేనంది.

"ఇంట్లో కూర్చున్నా ఊపిరి పీలుస్తాను కదా. ఆడ కూర్చుని పీలుస్తా. నీ తాళాలు నీకిప్పించమను."

అలా మొదలైంది. ప్రతి బుధవారం అద్దాల గదిలో ఒక పేము కుర్చీ, చుట్టూ తీగల మీద పన్నెండు మొక్కలు, మధ్యలో సుగుణ. రెండు గంటలు. కాజాలు కుట్టుకునే పని తెచ్చుకునేది. అద్దం ఇవతల హైమవతి, ఫర్హానా. మొక్కలు ఎర్రబడేకొద్దీ గంటగంటకూ రంగు చూసి రాసుకునేవాళ్ళు. ఒకసారి సుగుణ అద్దం మీద తట్టి అంది:

"ఇన్ని పెండ్లిచూపులు కూడా నాకు జరగలేదు. ఒక్కోటీ నన్ను చూసి ఎంత ఎర్రబడతాన్నాయో చూడండే!"

ఫర్హానా నవ్వింది. నవ్వుతూనే పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. హైమవతికి ఆ తలుపు వంక చూడడానికి కూడా సిగ్గేసింది.

మందులు మూడు నెలలు పనిచేశాయి. మొక్కల ఎరుపు పలచబడింది. ఆ బుధవారాలు ఇంట్లో పాయసం వండుకున్నారు. ఆగస్టులో మళ్ళీ చిక్కబడింది. స్కానులో తెలియడానికి నెల ముందే మొక్కల్లో తెలిసింది. ఈసారి హైమవతి ఒక్క పూట ఆగలేదు. కానీ ఈసారి త్వరపడి చేయగలిగేది ఏమీ లేదని వేలూరులో చెప్పారు.

*

సెప్టెంబరులో ఇళ్ళకు మొక్కలు పంచే పథకం కాగితాలు తయారయ్యాయి. మొదట నాలుగు మండలాల్లో, మూడు వందల ఇళ్ళకు. మొక్కను ఎలా చూసుకోవాలో రాసే పని హైమవతిది. ఎన్ని రోజులకోసారి ముంచాలి, ఎక్కడ వేలాడదీయాలి, రాగి తగలనివ్వకూడదు. అది రాసి తీసుకెళ్తే ఫర్హానా బల్ల మీద ఇంకో కాగితం ఉంది.

"కమిటీవాళ్ళు పెట్టిన నియమం. ఇంట్లో మొక్క ఎర్రబడితే వెంటనే ఆసుపత్రికి పంపొద్దంటున్నారు. రెండో మొక్క పెట్టి, ఆరు వారాలు చూసి, అదీ ఎర్రబడితేనే పంపాలట."

"ఆరు వారాలా? ఎందుకు?"

"మీ ఇంటి సంగతి వల్లే అక్కా. మొదటి మొక్క ఉత్తినే ఎర్రబడిందని చెప్పారుగా. ఇంట్లో పెట్టిన మొట్టమొదటి మొక్కే అబద్ధం చెప్పిందంటే ఒక్కదాన్ని నమ్మి జనాన్ని ఎలా భయపెడతాం? అదే వాళ్ళ వాదన. నేను కాదనలేకపోయాను." ఒక ఫారం ముందుకు జరిపింది. "మీ మాటగా తేదీలు రాసి సంతకం పెట్టాలి. సోమవారానికి చాలు."

హైమవతి ఆ ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. బస్సులో నిలబడే ఇంటికి వచ్చింది, సీట్లు ఖాళీగా ఉన్నా.

సుగుణ మంచం మీద దిండుకు ఆనుకుని బొత్తాలు ఏరుతోంది. మిషను తొక్కే ఓపిక పోయి నెలైంది. తెల్లవి ఒక డబ్బాలో, రంగువి ఒక డబ్బాలో.

"అక్కా, నీకొకటి చెప్పాల."

"చెప్పు."

"ఆ మొదటి మొక్క పూతకు ఎర్రబడలేదు. నిన్ను చూసే ఎర్రబడింది."

సుగుణ చెయ్యి డబ్బాలోనే ఆగింది. "మార్చిలోనా?"

"మార్చి తొమ్మిదిన."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇరవై ఏడున అనుమానమొచ్చింది. ఏప్రిల్ అయిదుకు తెలిసిపోయింది."

"వేలూరు పోయింది ఇరవై నాలుగున."

"ఊఁ."

"ఆ నడుమ ఏం చేస్తాన్నావు?"

"రెండో మొక్క పెట్టి చూశా. తప్పయితే బాగుండునని."

"తప్పని తేలేదాకా నన్ను కూర్చోబెట్టి చూసినావా? నాకు చెప్పకుండా, నా నెత్తిన వేలాడదీసి? నేను దానికి నీళ్ళు పెడతా ఉంటే చూస్తా ఉన్నావా?"

"అక్కా..."

"నీ ఉద్యోగం పోతాదని కూడా భయపడినావు. అవునా కాదా?"

"అవును. అది కూడా ఉంది."

సుగుణ బొత్తాల డబ్బాలకు మూతలు పెట్టింది. నిదానంగా, ఒకదాని తర్వాత ఒకటి. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు గంజి తాగింది గానీ చెల్లెలితో మాట్లాడలేదు. మాత్రలు తన చేత్తోనే తీసుకుంది. దగ్గు వచ్చినప్పుడు హైమవతి వీపు రాయబోతే ఆ చేతిని పక్కకు తోసింది. నలభై నాలుగేళ్ళలో ఆ చెయ్యి హైమవతిని అలా తొయ్యడం అదే మొదటిసారి.

మూడో రోజు సోమవారం. హైమవతి చీర కట్టుకుని గడప దగ్గర తచ్చాడుతుంటే మంచం మీంచి మాట వచ్చింది.

"ఆ కాగితం రాసినావా?"

"లేదు."

"ఎందుకు?"

"నువ్వు చెప్పేదాకా రాయకూడదనుకున్నా."

"ఇది కూడా నాతోనే చెప్పించుకుంటావా?" సుగుణ లేచి కూర్చోవడానికి కాసేపు పట్టింది. "ఉండేది ఉన్నట్టు రాయి. తారీకులన్నీ రాయి. ఈ ఆరు వారాల మాట నమ్ముకోని ఇంకెవురో ఆడమనిషి మొగ్గ కోసం చూస్తా కూర్చోకూడదు." కొంచెం ఊపిరి తీసుకుంది. "నాకు కోపం పోలేదు. పోతాదో లేదో కూడా తెలీదు. పోయేంత టైము ఉందో లేదో. పోయిందని చెప్పమని మాత్రం నన్నడగొద్దు."

"అడగను."

"పో. బస్సు పోతాది."

హైమవతి ఫర్హానా గదిలో కూర్చుని ఫారం నింపింది. మొదటి మొక్క ఎర్రబడిన తేదీ, షెడ్డులో పచ్చబడిన తేదీ, రెండోది ఎర్రబడిన తేదీ, స్కాను తేదీ. 'ఆలస్యానికి కారణం' అన్న గడి దగ్గర కలం ఆగింది. చివరికి 'సంరక్షకురాలు తెలిసీ చెప్పకపోవడం' అని రాసి సంతకం పెట్టింది. ఫర్హానా చదివింది. రెండు తేదీల మధ్య రోజులు లెక్కవేసి మార్జిన్లో నలభై ఆరు అని పెన్సిలుతో వేసింది. 

నియమం మారింది. మొక్క ఎర్రబడిన రోజే మనిషిని పంపాలి.

*

సుగుణ కార్తీకమాసం చివరిదాకా ఉంది. బుధవారాలు మానేయమంటే వినలేదు. ఆఖరి నెలలో కుర్చీతో సహా ఎత్తుకెళ్ళి అద్దాల గదిలో కూర్చోబెట్టేవాళ్ళు. మాట్లాడడం మళ్ళీ మొదలుపెట్టింది. ముందు అవసరానికి, తర్వాత మామూలుగా. వక్కాకు దంచిపెట్టమనేది, ఎవరి జాకెట్టు ఎవరికివ్వాలో చెప్పేది. అరుగు మీది మొక్కల్ని ఒక్కొక్కరి పేరు చెప్పి పంచేయించింది. కోపం పోయిందని మాత్రం చెప్పలేదు. హైమవతి అడగలేదు.

చివరి రోజు పొద్దున, ఎండ గదిలోకి వచ్చే వేళ, తల చిక్కు తీయమంది. మందులకు రాలగా మిగిలిన ఆ కాస్త జుట్టునూ హైమవతి వేళ్ళతోనే తీసింది. సుగుణ కళ్ళు మూసుకుని తల వెనక్కి, చెల్లెలి గుండెలకు ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. ఎప్పుడు పోయిందో హైమవతికి తెలియలేదు. నిద్రపోతోందనుకుని కదలకుండా కూర్చుంది. పక్కింటావిడ పాలు తెచ్చి చూసి పాలగిన్నె కింద పెట్టేసేదాకా అలాగే కూర్చుంది.

నెల తర్వాత తాళాలు తిరిగిచ్చారు. హైమవతి తీసుకుంది. ఇళ్ళకు పోయే మూడు వందల మొక్కల్నీ తనే ముంచి, విదిలించి, ఆరబెట్టి అట్టపెట్టెల్లో సర్దింది. తన ఇంటికి ఒకటి తీసుకెళ్ళమని ఫర్హానా ఇస్తే వద్దంది. కిటికీ ఊచకు కట్టిన దారం మాత్రం విప్పబుద్ధి కాలేదు.

తర్వాతి వేసవిలో పుంగనూరు వైపు నుంచి ఒకావిడ పరిశోధనశాలకు వచ్చింది. పేరు అంజనమ్మ. యాభై దాటిన మనిషి, వేరుశనగ కాయల సంచి చంకన పెట్టుకుని వచ్చింది. ఆమె ఇంట్లో మొక్క సంక్రాంతి ముందు ఎర్రబడింది. మర్నాడే కొడుకు స్కానుకు తీసుకుపోయాడు. చిన్న గడ్డ. కోసి తీసేశారు. నాలుగు నెలలైంది, మళ్ళీ చేలో పనికి పోతోంది. మొక్కను చేసినవాళ్ళను చూడాలని వచ్చింది.

ఫర్హానా ఊళ్ళో లేదు. అంజనమ్మను అద్దాల షెడ్డు దగ్గరికి పంపారు. హైమవతి బయట బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది.

"ఎర్రబడిన రోజే పోవాలని కాగితంలో రాసిండారు కదమ్మా" అంది అంజనమ్మ. "మావాడు చదివి చెప్పినాడు. లేకుంటే పంట ఇంటికి వచ్చినాక చూద్దామనుకుంటిని. ఎవురో ఒకామె ఈ గదిలో కూర్చుని మా అందరి కోసం ఊపిరి పీల్చిందంట కదా, ఆమెను చూడొచ్చా?"

"మా అక్కే. పోయింది."

అంజనమ్మ సంచి కింద పెట్టింది. "అయ్యో! ఆమె మొక్క ఎర్రబడలేదా మరి?"

"ఎర్రబడింది."

"ఎర్రబడినా...?"

ఇంతవరకు ఆ మాట హైమవతి నోటితో ఒక్క అక్కకే చెప్పింది, ఒక కాగితం మీద రాసింది. ఎదురుగా కూర్చున్న మనిషికి ఏమీ తెలియదు. ఏం చెప్పినా నమ్ముతుంది. రోగం ముదిరిపోయింది, మొక్క కొత్తది, ఏమైనా చెప్పొచ్చు.

"నేను ఆలస్యం చేశా. నాకు తెలిసి కూడా ఆలస్యం చేశా. నలభై ఆరు రోజులు."

అంజనమ్మ ఆమె వైపు చూసింది. ఓదార్పు మాట ఏదో నోటిదాకా వచ్చినట్టుంది. పైట చెంగు సరిచేసుకుని ఆ మాట మింగేసింది. సంచిలోంచి పిడికెడు కాయలు తీసి తమ ఇద్దరి మధ్య బెంచీ మీద పోసింది. ఒకటి వలిచింది. హైమవతి కూడా ఒకటి తీసుకుంది. కాసేపటికి, "ఆమె పేరేంది?" అని అడిగింది అంజనమ్మ.

"సుగుణ."

"సుగుణమ్మ" అంది అంజనమ్మ, పేరు గుర్తుంచుకోవాలన్నట్టు. "ఆమె సంగతులు చెప్పు. నా బస్సుకు ఇంకా గంటుంది."

హైమవతి చెప్పడం మొదలుపెట్టింది.